గోటీలాట కూడా సబకే



2023 జూలై 14, జుమా రోజు. సూళ్ళూరుపేటలో నమాజ్ చదువుకుని వచ్చి, దస్తర్‌ఖాన్ మీద అన్నం సగంలో ఉండగానే అందరం మిద్దె ఎక్కేశాం. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోటలో చంద్రయాన్-3 లేస్తుంది. (జిల్లా 2022లో తిరుపతి అయిపోయింది గానీ మా నోటికి ఇంకా నెల్లూరే వస్తుంది, మాఫ్ చేయండి.) పులికాట్ అవతల ముందు వెలుగు కనపడింది, తర్వాత తెల్లటి పొగ. మోత వచ్చేసరికి దాదాపు నిమిషం పట్టింది. మా అమ్మాయి కొడుకు, నాలుగేళ్ళవాడు, నా భుజాల మీద ఉన్నాడు.

"నానా, చిన్నగా ఉంది" అన్నాడు.

అని ఊరుకోలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆకాశం మీదకు పెట్టి, రెండిటినీ ఎడంగా జరిపాడు. ఫోన్‌లో ఫోటోను పెద్దది చేస్తాం చూడండి, అలా. రాకెట్ పెద్దది కాలేదు. మళ్ళీ జరిపాడు.

మిద్దె మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, మాషా అల్లాహ్ ఎంత తెలివి అనుకున్నాను. సాయంత్రం అసర్ తర్వాత వాడితో ఆడదామని ఒక రబ్బరు బంతి తీసుకుని, నాలుగు అడుగుల దూరం నుంచి నెమ్మదిగా వేశాను. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. బంతి పొట్టకు తగిలి కింద పడ్డాక చేతులు చాపాడు. పది సార్లు వేస్తే పది సార్లూ అంతే. అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ బిడ్డ కళ్ళకు రాకెట్ కనపడుతుంది, వేళ్ళకు ఫోన్ తెలుసు. కంటికీ చేతికీ మధ్య రాకపోకలు మాత్రం లేవు. వాడి తప్పేముంది? ముద్ద నోట్లోకి దిగాలని వాడి చేతికి ఫోన్ ఇచ్చిందే మేము. అందులో నా వంతు కూడా ఉంది.

మన ఘరానాల్లో ఆట అంటే పెద్దగా ఇజ్జత్ లేదు. చదివితే నవాబు, ఆడితే ఖరాబు అనే సామెత మనందరం తిట్లతో పాటు తిన్నదే. బిడ్డకు మూడేళ్ళు రాగానే ఒక చేతిలో ఖాయిదా, ఇంకో చేతిలో పెన్సిల్. మా వాడు అలిఫ్ నుంచి యే దాకా రాసేస్తాడు, మా పాప ఏ బీ సీ డీ వంద సార్లు రాస్తుంది అని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాం. మా పాప ఏడు రాళ్ళు పేర్చి బంతితో కొడుతుంది అని చెప్పుకున్న అమ్మీని నేను ఒక్కరినీ చూడలేదు. నా మాట ఇదీ: చిన్నపిల్లల విషయంలో ఆ రెండో పాప గురించే ముందు ఫఖర్ పడాలి. రాత దాని వెనకాలే వస్తుంది.

ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

బంతిని పట్టుకోవడం ఎంత పెద్ద హునరో మనం ఎప్పుడూ ఆలోచించం. కన్ను బంతిని చూడాలి. చూస్తే చాలదు, దాని వెంట కదలాలి. ఇంకో క్షణానికి అది ఎక్కడ ఉంటుందో దిమాగ్ ముందే అంచనా వేయాలి. బంతి ఉన్న చోటుకు కాదు, రాబోయే చోటుకు చేయి వెళ్ళాలి. వెళ్ళిన చేయి సరైన వేళకు మూసుకోవాలి, ముందు మూస్తే బంతి వేళ్ళకు తగులుతుంది, వెనక మూస్తే జారిపోతుంది. తప్పితే ఎంత తప్పిందో కన్ను మళ్ళీ దిమాగ్‌కు చెప్పాలి, తర్వాతి సారి అంత మేర సరిచేసుకోవాలి. ఇవన్నీ ఎవరూ నోటితో నేర్పలేరు. వంద సార్లు వదిలేసి నూటొకటో సారి పట్టుకుంటేనే వస్తాయి.

రాకెట్ నడిచేదీ అచ్చం ఇలాగే. ఎటు పోతున్నానో చూసుకునే పరికరాలు దాని కళ్ళు, కంప్యూటర్ దాని దిమాగ్, దారి మళ్ళించే నియంత్రణ వ్యవస్థ దాని చేతులు. మూడిట్లో ఏది మాట వినకపోయినా సముద్రమే గతి. ఈ తీరంలోనే అది జరిగింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి లేచింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ మన అబ్దుల్ కలాం సాహెబ్. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశలో నియంత్రణ వ్యవస్థ వాల్వు లీకై ఆసిడ్ కారిపోయింది, రాకెట్‌కు దారి సరిచేసుకునే చేయి లేకుండా పోయింది. 317 సెకన్లకు కథ ముగిసి బంగాళాఖాతంలో పడింది. మళ్ళీ 1980 జూలై 18న లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. క్యాలెండర్ తిరగేసి చూడండి, ఆ రెండు రోజులూ జుమాలే, రెండూ రమ్‌జాన్ నెలలోనివే. మన బచ్చాలకు ఈ మాట చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.

కలాం సాహెబ్ బచ్పన్ సంగతి ఆయన ఆత్మకథలో ఉంది. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయనకు దాదాపు ఎనిమిదేళ్ళు. ఉన్నట్టుండి చింతగింజలకు గిరాకీ వచ్చింది. ఆయన గింజలు ఏరి రామేశ్వరంలో మసీదు వీధి దుకాణంలో అమ్మితే రోజుకు ఒక అణా వచ్చేదట. కొన్నాళ్ళకు రామేశ్వరంలో రైలు ఆగడం మానేసింది. పత్రికల కట్టలను నడుస్తున్న రైల్లోంచి విసిరేసేవారు. పత్రికలు పంచే బంధువు శంసుద్దీన్‌కు ఆ కట్టలు పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషే ఈ పిల్లవాడు. తన మొదటి సంపాదన అదేనని ఆయన జీవితాంతం గర్వంగా చెప్పుకున్నారు. చింతగింజలు ఏరిన వేళ్ళు, కదిలే రైల్లోంచి వచ్చే కట్టను అందుకున్న చేతులు! అందువల్లే సైంటిస్టు అయ్యారని నేను అనను, అలా అంటే అబద్ధం అవుతుంది. పేదరికంలో పిల్లలు పని చేయడం మంచిదని అసలే అనను. కానీ ఆ కాలపు బిడ్డ చేతులకు రోజంతా ఏదో ఒకటి దొరికేది. మన బిడ్డల చేతులకు ఇవాళ గాజు పలక తప్ప ఏం దొరుకుతోంది?

అల్లాహ్ బిడ్డ చేతిని ఎంత నిదానంగా తయారు చేస్తాడో చూడండి. పుట్టిన శిశువుకు ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల దూరంలో ఉన్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. పాలు తాగుతున్నప్పుడు అమ్మీ మొహం ఉండే దూరం అది, సుబ్హానల్లాహ్. నాలుగైదు నెలలకు కనపడిన దాని కోసం చేయి చాపుతుంది. ఆరు నెలలకు ఒక చేతిలోది ఇంకో చేతిలోకి మార్చుకుంటుంది. తొమ్మిది, పది నెలలకు నేల మీది మెతుకును బొటనవేలూ చూపుడువేలూ కలిపి తీస్తుంది, మనం అయ్యో మట్టి అని లాగేసుకుంటాం. రెండేళ్ళకు ఐదారు చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి నిలబెడుతుంది. మూడేళ్ళకు పెద్ద బంతిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని పట్టుకుంటుంది. ఐదారేళ్ళకు గానీ వట్టి అరచేతులతో పట్టడం కుదరదు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్ళ మీద ఒక్కొక్కటే గట్టిపడతాయి. అలాంటి చేతికి మూడేళ్ళప్పుడే సన్నటి పెన్సిల్ ఇచ్చి, గీత బయటకు పోయిందని వేళ్ళ మీద కొట్టడం జుల్మ్ కాక ఏమిటి? నేనూ కొట్టాను. మా పెద్దబ్బాయిని, వాడికి నాలుగేళ్ళప్పుడు, జీమ్ పొట్టలో చుక్క సరిగా పెట్టలేదని. వాడికి ఇప్పుడు ముప్ఫై దాటాయి, వాడు మర్చిపోయాడు. నాకే గుర్తు.

ఇక దీన్ సంగతి. ఆట దునియా వ్యవహారం, దానికీ దీన్‌కూ సంబంధం లేదు అనే భాయిలకు నాలుగు మాటలు. హజరత్ ఆయిషా రజియల్లాహు అన్హా చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారు. వాటిలో గుడ్డపీలికలతో రెక్కలు కుట్టిన గుర్రం ఒకటి ఉంది. గుర్రానికి రెక్కలేమిటని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం అడిగితే, సులైమాన్ అలైహిస్సలాం గుర్రాలకు రెక్కలు ఉండేవని వినలేదా అని ఆమె జవాబు. హుజూర్ దంతాలు కనపడేలా నవ్వారు. అబూ దావూద్‌లో ఉంది. ఆ రెక్కలు కుట్టడానికి ఎన్ని సార్లు సూది గుచ్చి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. బనూ అస్లమ్ వాళ్ళు విలువిద్య సాధన చేస్తుంటే హుజూర్ ఆగి హుషారు చేశారు, మీ పూర్వీకుడు ఇస్మాయీల్ అలైహిస్సలాం విలుకాడే అన్నారు. బాణం గురి కంటికీ చేతికీ కుదిరిన దోస్తీ కాక మరేమిటి? దానికి హద్దు కూడా చూపారు. వేళ్ళతో చిన్న రాళ్ళు విసరడాన్ని మనా చేశారు, దానివల్ల వేట దొరకదు, దుష్మన్ కూలడు, ఎవరి పన్నో విరుగుతుంది, ఎవరి కన్నో పోతుంది అని. మన పిల్లల ఉండేలు గురించి కూడా ఇదే మాట అనుకోండి.

ఇమామ్ గజాలీ రహ్మతుల్లాహ్ అలైహి ఇహ్యా ఉలూముద్దీన్‌లో పిల్లల తర్బియత్ గురించి రాస్తూ, మక్తబ్ నుంచి వచ్చిన బిడ్డను ఆడుకోనివ్వాలన్నారు. ఆట ఆపేసి ఎప్పుడూ చదువుతోనే వేధిస్తే వాడి దిల్ చచ్చిపోతుందని, తెలివి మొద్దుబారుతుందని హెచ్చరించారు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాట. మన దేశంలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆట ద్వారానే చదువు చెప్పాలని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది 2022లో.

అయితే ఏం ఆడించాలి? వేల రూపాయల బొమ్మలు కొనమని నేను చెప్పను. మా బచ్పన్‌లో గోటీలు, లట్టూ, గిల్లీదండా, పతంగ్, ఏడు పెంకులాట. ఆడపిల్లలకు అచ్చనగాయలు, వామనగుంతలు. అచ్చనగాయల్లో ఒక రాయి పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోపు నేల మీదివి ఊడ్చి, మళ్ళీ దాన్ని పట్టుకోవాలి. కన్ను పైన, చేయి కింద. ఇంతకన్నా గట్టి కసరత్ ఏ కంపెనీ బొమ్మలోనూ నేను చూడలేదు. మా దాదీ అరవై ఏళ్ళప్పుడు కూడా ఐదు రాళ్ళూ ఒకే పట్టులో ఊడ్చేది. గోటీలో గురి, లట్టూలో తాడు చుట్టడం, పతంగ్‌లో గాలికి తగ్గట్టు దారం వదలడం, అన్నీ ఒకే ఇల్మ్‌కు వేర్వేరు సబక్‌లు. (పతంగ్‌కు నూలు దారమే వాడండి. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. గొంతులు కోసే ఆ దారాన్ని ఇంకా దాచి అమ్మేవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు.)

ఇంకా చిన్నవాళ్ళకు ఇల్లే మైదానం. పచ్చి బఠాణీలు వలిపించండి. చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, అది మూడు మూలల రొట్టె చేస్తే అదే తినండి. వజూ చేసేటప్పుడు చిన్న లోటాతో మీ చేతుల మీద నీళ్ళు పోయించుకోండి. ధార తప్పకుండా పోయడం రెండున్నరేళ్ళ బిడ్డకు ఎంత కష్టమో, ఎంత ఖుషీయో చూస్తారు. లావు పూసలతో తస్బీహ్ గుచ్చమనండి. మూడేళ్ళలోపు వాళ్ళకు మాత్రం పూసలు, గోటీలు, చింతగింజలు వద్దు, నోట్లోకి పోతే గొంతుకు అడ్డుపడతాయి. పులికాట్ ఒడ్డుకు వెళ్తే ఫ్లెమింగోలతో సెల్ఫీ దిగి వచ్చేయకుండా ఇసుకలో కూర్చోబెట్టండి, గవ్వలు ఏరనివ్వండి. కొనాలనే షౌఖ్ ఉంటే ఏటికొప్పాక లక్క బొమ్మలు ఉన్నాయి, అంకుడు కర్రతో చేసినవి. మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతాయి. ఒక్కసారి పిల్లలను తీసుకెళ్ళి ఆ చేతులను చూపించండి, ఏ చేయి ఎక్కడ ఆగాలో కన్ను ఎలా చెప్తుందో అక్కడ తెలుస్తుంది.

ఆడపిల్లల గురించి ఒక మాట, ఇది కొందరికి కోపం తెప్పిస్తుంది. ఏడేళ్ళు రాగానే బస్, ఇక బయట ఆటలు చాలు అంటాం. బంతి భాయికి, చీపురు బహెన్‌కు. మెహందీ పెట్టేటప్పుడు మాత్రం దాని చేయి వణకకూడదు, గీత సన్నగా రావాలి. మెహందీ, కుట్టుపని మంచి హునర్లే, నేను కాదనను. కానీ పరుగెత్తి బంతి పట్టడం వేరే పని, అందులో మొత్తం ఒళ్ళు కంటి మాట వింటుంది. హుజూర్ హజరత్ ఆయిషాతో స్వయంగా పరుగుపందెం పెట్టుకున్నారు. ఇంటి వరండాలో, మిద్దె మీద, గోడల మధ్యనైనా సరే ఆడించవచ్చు కదా. బహానాలు వెతకడం మనకు అలవాటైంది, అంతే.

ఎడమచేతి వాటం పిల్లల సంగతి కూడా. కుడిచేత్తో తినడం సున్నత్, దాన్ని ప్రేమగా అలవాటు చేయాలి. కానీ రాయడానికి, బంతి వేయడానికి ఎడమచేయి వస్తుంటే దాన్ని కట్టేయడం, చరచడం ఏ దీన్ నేర్పింది? ఫత్వా ఇచ్చే హోదా నాది కాదు, మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడగండి. అడిగే లోపు కొట్టకండి.

ఫోన్ ఆటలు కూడా చేయీ కన్నూ ఆటలే కదా అని మా అల్లుడు వాదించాడు. పెద్దపిల్లల విషయంలో ఆ వాదనలో కొంత ఉంది. కానీ గాజు మీద బంతికి బరువు లేదు, దూరం లేదు, చల్లదనం వెచ్చదనం లేవు. వేలు ఒకటి రాస్తే చాలు. భారత శిశువైద్యుల సంఘం రెండేళ్ళలోపు స్క్రీన్ అసలే వద్దంది, రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకు గంట మించకూడదంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదపాలని చెప్పింది. మూడు గంటలు! మా ఇంట్లో లెక్క చూసుకుంటే ఈ రెండు అంకెలూ తలకిందులుగా ఉన్నాయి.

చివరిగా ఒకటి, ఇది ఆట కన్నా ముఖ్యం. బిడ్డ ఆరు నెలలు నిండినా బొమ్మ కోసం చేయి చాపకపోతే, నాలుగు నెలలు దాటాక కూడా కళ్ళు రెండూ రెండు వైపులు చూస్తుంటే, ఏడాది లోపే ఒకే చేయి వాడుతూ రెండోది ముడుచుకుని ఉంటే, నజర్ తగిలిందని మిరపకాయలు దిష్టి తీసి ఊరుకోకండి. దమ్ చేయించుకోండి, దువా చేయండి, అదే రోజు డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళండి. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను ఉచితంగా పరీక్షించడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అంగన్‌వాడీలో అడగండి, బడిలో అడగండి. మెల్లకన్నును అదృష్టం అని వదిలేసిన ఒక కుటుంబం నాకు తెలుసు. ఆ పిల్లకు ఇప్పుడు పదహారేళ్ళు. ఒక కంటి చూపు దాదాపు పోయింది. చిన్నప్పుడే కళ్ళజోడు పెట్టి, మంచి కన్నుకు కొంతకాలం గుడ్డ కట్టి ఉంటే చాలావరకు దక్కేదని ఆలస్యంగా వెళ్ళినప్పుడు డాక్టరు చెప్పారట. అమ్మీ ఇప్పుడు తస్బీహ్ పట్టుకుని ఏడుస్తుంది. ఆమెను నేను తప్పు పట్టలేను, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మా వాడి సంగతి. ఆ జుమా తర్వాత ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం, అన్నం దగ్గర ఫోన్ లేదు. మొదటి వారం ఖయామత్ వచ్చినట్టే ఉంది. రబ్బరు బంతి పక్కన పెట్టి, ముందు పాత దుపట్టా ముడివేసి విసిరాను, అది నెమ్మదిగా వస్తుంది, తగిలినా నొప్పి లేదు. తర్వాత గాలి బుడగ. తర్వాత గుడ్డలతో కుట్టిన బంతి, మా బేగం కుట్టింది. ఆరు నెలలైంది. నిన్న అసర్ తర్వాత రబ్బరు బంతే వేశాను. పదింటికి నాలుగు పట్టాడు, అల్‌హమ్దులిల్లాహ్. ఐదోది మా బేగం నిమ్మకాయ అచార్ జాడీకి తగిలింది. జాడీ పగిలింది. ఎవరు వేశారని అడిగితే నేనే వేశానని ఒప్పుకున్నాను.